ఆరుగురి ఉమ్మి

ఆ ప్రయోగశాలలో ఉమ్మి ఇచ్చేవాళ్లు ఆరుగురు. పరగడుపున గొట్టంలో ఉమ్మాలి, మనిషికి పది మిల్లీలీటర్లు. అందరిదీ కలిపి, వడపోసి, అందులో సూక్ష్మజీవుల్ని పెంచుతారు. ఇచ్చేవాళ్లు నెల రోజులుగా ఏ మందూ మింగి ఉండకూడదు. ఐదుగురు పరిశోధకులు. ఆరో మనిషి గాజుసామాను కడిగే బాబాయ్. గోడ మీది జాబితాలో తన పేరూ ఉందని ఆయన ఇంట్లో ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు.

ఆ పరిశోధకుల్లో ఒకమ్మాయి మూడేళ్లుగా రెండు సూక్ష్మజీవుల మీద పనిచేస్తోంది. ఒకటి చిగుళ్లను తినేది. రెండోదాన్ని సాధువు అంటుంది. అది అందరి నోళ్లలోనూ ఉంటుంది.

"విడిగా ఉంచితే రెండూ బుద్ధిమంతులే బాబాయ్. పక్కపక్కన పెడితే, సాధువు వదిలేది తగిలి చిగుళ్లు తినేదాంట్లో నిద్రపోతున్న జన్యువు లేస్తుంది. ఇక చిగుళ్ల పని పడుతుంది."

"ఆర్నెల్లు సావాసం చేస్తే వారు వీరవుతారని ఊరికే అన్నారా!"

"వీటికి ఆరుగంటలు చాలు."

మొదటిసారి జన్యువు లేచింది. కొత్త విడత ఉమ్మితో మరో రెండుసార్లు చేస్తే లేవలేదు.

మంగళవారం మధ్యాహ్నం ఆమె అంది, "మొదటిదే నా పొరపాటు బాబాయ్. ఆ ఫలితం వెనక్కి తీసుకుంటున్నానని సార్‌కి ఉత్తరం రాశా. సాయంత్రం పంపేస్తా. మూడేళ్లు, బూడిదలో పోసిన పన్నీరు."

బాబాయ్ చేతిలోని సీసా కుళాయి కింద అలాగే ఉండిపోయింది. ఆ కొత్త విడతకు ఉమ్మి ఇచ్చిన వారం చిగుళ్లు వాస్తే ఆయన మందుల షాపులో అడిగి మాత్రలు తెచ్చుకుని మింగాడు. "మందులేమైనా వాడుతున్నారా?" అని ఆమె అడిగితే "లేదమ్మా" అన్నాడు. చిగుళ్ల జబ్బని తెలిస్తే జాబితాలోంచి పేరు తీసేస్తారు.

ఇప్పుడు చెబితే ఉద్యోగమే పోవచ్చు. చెప్పకపోతే ఆమె నిజాన్ని అబద్ధమని సంతకం పెడుతుంది.

కుళాయి కట్టేశాడు.

"ఆ ఉత్తరం పంపకమ్మా. రెండో విడత ఇచ్చినప్పుడు నేను చిగుళ్లకి మాత్రలు వేసుకుంటున్నా."

ఆమె కుర్చీ తిప్పింది. "ఏ మాత్రలు?"

పేరు చెప్పాడు.

"అవి ఉమ్మిలోకి దిగుతాయి బాబాయ్! సాధువుని ఏమీ చెయ్యవు, చిగుళ్లు తినేదాన్ని తల ఎత్తనివ్వవు. మీ నోట్లో నువ్వుగింజ నానదు కదా. ఇదొక్కటీ ఎలా దాచారు?"

ఆయన గోడ మీది జాబితా వైపు చూశాడు.

"మళ్లీ మొదటినుంచి చెయ్యాలి. అప్పుడైనా లేస్తుందని నమ్మకం లేదు." ఆమె ప్రయోగాల పుస్తకం ముందుకు తోసింది. "మీ చేత్తోనే రాయండి. ఏ మాత్ర, ఏ తేదీలు."

మూడు వాక్యాలు రాయడానికి ఆయనకు అరగంట పట్టింది. ఆమె చదివింది, ఒక తేదీ రెండుసార్లు అడిగింది, కంప్యూటర్‌లో ఉత్తరం చెరిపేసింది.

"ఆ విడతవి ఇంకెన్ని ఉన్నాయి?"

"పద్నాలుగు గొట్టాలు."

"పారబోయండి."

అన్నీ ఫ్రీజర్‌లో గడ్డకట్టి ఉన్నాయి. కరిగేదాకా ఆయన సింకు దగ్గర నిలబడ్డాడు. కాసేపటికి ఆమె వచ్చి పక్కన నిలబడింది.

"పళ్ల డాక్టర్‌కి చూపించారా?"

"లేదమ్మా."

"రేపు పొద్దున్నే వెళ్లండి. ఉమ్మి మిగతావాళ్ల దగ్గర తీసుకుంటా."