కాళ్లలో లేని చక్రం

ఆ ఆదివారం భార్య సూరమ్మకు నిజం చెప్పేయాలని పెద్దిరాజు గట్టిగా అనుకున్నాడు. బుధవారం ఈ పరదేశం విడిచి విశాఖపట్నం విమానం ఎక్కాలి మరి. తువాస్‌లో ఓడల యార్డులో పరంజా మీంచి పడ్డప్పటి నుంచి నడుము కింద అతనికేమీ తెలియడం లేదు. ఇక ముందూ తెలియదని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. సూరమ్మకు మాత్రం కాళ్లు తిమ్మిరెక్కాయని, మెల్లగా సర్దుకుంటాయని చెప్పి ఉంచాడు ఆమె తమ్ముడు ఉపేంద్ర. అబద్ధమాడటం ఉపేంద్రకు సరిగ్గా చేతకాదు. అక్క ఏడుస్తుంటే వినడం అంతకంటే చేతకాదు.

"ఈ ఒక్క పూటా ఆగు బావా. డాక్టరేటన్నాడు? ఎన్నుపూస సెడిపోనాదన్నాడు. ఈళ్లు ఎన్నుపూసలో పడుకున్న శక్తినే లేపుతారట! బొమ్మేసి మరీ సూపించినారు" అన్నాడు ఉపేంద్ర. సరుకుల షాపులో కుండలిని యోగా పోస్టరు చూసిన దగ్గర్నుంచి అతనికి నిద్ర లేదు. పరిచయ తరగతి, ఎవరైనా రావచ్చు అని దానిమీద ఉంది. వద్దు వద్దంటూనే పెద్దిరాజు గడ్డం గీయించుకున్నాడు. ఆశ అంత సిగ్గులేనిది.

రైల్లో చక్రాల కుర్చీ మీద కూర్చుని దారి పొడవునా సూరమ్మకు చెప్పాల్సిన మాటలే కూడబలుక్కున్నాడు. లిటిల్ ఇండియాలో దిగాక, ఆదివారం జనాన్ని భుజాలతో తోసుకుంటూ, ఉపేంద్ర అతన్ని ఒక బట్టల షాపు వెనకున్న హాల్లోకి చేర్చాడు.

పాఠం చెప్పే భువన జురాంగ్ వెస్ట్‌లో ఉంటుంది. వారమంతా ఆఫీసు, ఆదివారం ఈ తరగతి. నెమ్మదిగా, తూచినట్టు మాట్లాడే మనిషి. మోసగత్తె కాదు. అదే వచ్చిన చిక్కు. మోసగత్తె అయితే నాలుగు తిట్టి ఇంటికి పోయేవారు.

"వెన్ను నిటారుగా పెట్టండి. గడ్డం కాస్త లోపలికి. ఊపిరి ముక్కుతోనే, పొట్ట నిండేదాకా తీసుకుని, అంత నెమ్మదిగానూ వదలండి" అంది. కాసేపు గదిలో ఊపిరి చప్పుడు తప్ప మరేమీ వినపడలేదు. "వెన్నెముక అడుగున, మనం కూర్చునే చోట, కుండలిని చుట్టలు చుట్టుకుని నిద్రపోతుందని పెద్దలు చెప్పారు. ఇవాళే దాన్ని లేపేస్తామని కంగారు పడకండి. ఊరికే అక్కడ మనసు పెడదాం. ఆ చోటి కండరాలను మెల్లగా లోపలికి బిగించండి."

పెద్దిరాజు బిగించాడు. అంటే, బిగించాలనుకున్నాడు. పళ్లు బిగిశాయి, పిడికిళ్లు బిగిశాయి, మెడనరాలు పొంగాయి. కింద ఏమైందో ఆ దేవుడికే తెలియాలి.

తర్వాత ధ్యానం. కళ్లు మూసుకుని సా, తా, నా, మా అంటూ, ఒక్కో అక్షరానికీ బొటనవేలితో ఒక్కో వేలిని తాకాలి. పుట్టుక, బతుకు, చావు, మళ్లీ పుట్టుక అని వాటికి అర్థమట. ముందు పైకి, తర్వాత గుసగుసగా, చివరికి మనసులోనే. పెద్దిరాజు వేళ్లు చెప్పినమాట విన్నాయి. చాన్నాళ్లకు ఒళ్లు తనదనిపించింది. ఎంత హాయిగా ఉందంటే, కళ్లు తెరవాలంటే భయం వేసింది.

"వెన్ను కింద వెచ్చగా అనిపించిందా ఎవరికైనా?" అని అడిగింది భువన.

ముందు వరసలో ఆంటీల చేతులు లేచాయి. ఉపేంద్ర తన చెయ్యి ఎత్తేసి, బావ వైపు తిరిగి, పరీక్ష ఫలితం కోసం నిలబడ్డవాడిలా చూశాడు. ఆ మొహం చూసి కాదనడానికి రాయి గుండె కావాలి. పెద్దిరాజు చెయ్యెత్తాడు. ఉపేంద్ర ఫోను పట్టుకుని బయటికి పరుగుతీశాడు.

అందరూ చాపలు చుట్టుకుంటుంటే పెద్దిరాజు భువనను పిలిచాడు. "అమ్మా, అది లేసినాక కాళ్లలోకి ఎప్పుడు దిగతాది?"

"దిగదండీ, పైకే వెళ్తుంది." గోడకున్న ఏడు చక్రాల పటం మీద ఆమె వేలు కింది నుంచి పైకి జరిగింది. బొడ్డు, గుండె, గొంతు, కనుబొమల మధ్య, నడినెత్తి.

"ఏడు సక్రాలన్నారు కదమ్మా. కాళ్లలో ఒక్కటైనా నేదా?"

అప్పుడు చూసింది ఆమె అతని కాళ్లను. ఎముక విరిగిందేమో, అతుక్కుంటుందేమో అనుకుంది కాబోలు అప్పటిదాకా. కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. "ఇది వైద్యం కాదు పెద్దిరాజు గారూ. మనసు కుదురుకోవడానికి పనికొస్తుంది. కాళ్ల సంగతి నేను అబద్ధం చెప్పలేను. మరి ఇందాక చెయ్యెత్తారు?"

"మా బావమరిది కోసం ఎత్తినానమ్మా."

ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మంచిదే పాపం. వాటితో అతనికి ఒరిగేదేమీ లేదు. ఇక దాచి లాభం లేదు, ఇప్పుడే సూరమ్మతో చెప్పేస్తాననుకున్నాడు.

షాపు వసారాలో ఉపేంద్ర ఫోను చేతికిచ్చాడు. "అక్కకి సెప్పీసినాను బావా. సూడు, నవ్వుతంది."

తెరమీద సూరమ్మ నిజంగానే నవ్వుతోంది. పరంజా కూలినప్పటి నుంచి ఆ నవ్వు చూడలేదతను.

"మావా, ఎన్నులో ఏడి పుట్టినాదట! ఏదీ, కాలు సూపించు. బొటనేలు కదుపు. ఒక్కపాలి నా కళ్లతో సూసుకుంటాను."

"సూరీ, ముందు నా మాటిను..."

"కదుపు మావా. తర్వాత నువ్వెన్ని సెప్పినా ఇంటాను."

రైల్లో కూడబలుక్కున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. ఆమె చూస్తోంది. పెద్దిరాజు ఫోనును మెల్లగా పాదం వైపు తిప్పాడు. ఏం చేస్తున్నాడో అతనికే తెలియదు. ఉపేంద్ర గబుక్కున కింద గొంతుక్కూర్చున్నాడు. చెప్పు లాగేశాడు. తెరలో కనపడకుండా అరికాలి కింది నుంచి చెయ్యి పోనిచ్చి, బొటనవేలిని కిందనుంచి ఎత్తాడు.

వేలు లేచింది. పడింది. మళ్లీ లేచింది.

"కదిలినాది! ఓలమ్మో, కదిలినాది!" సూరమ్మ ఏడుస్తూ నవ్వుతూ పక్కింటివాళ్లను కేకేసింది. ఎవరెవరో తెరలోకి తొంగిచూశారు. "బుధారం సక్రాల బండీ గిండీ ఒద్దు మావా. నడిసే రా. నాను ఎదురొత్తాను."

"సరే" అన్నాడు పెద్దిరాజు.

ఫోను పెట్టేశాక కూడా ఉపేంద్ర లేవలేదు. తల వంచుకుని ఆ పాదం దగ్గరే కూర్చుండిపోయాడు. వేలు వదిలేశాడో, ఇంకా పట్టుకునే ఉన్నాడో, వంగి చూస్తే తప్ప పెద్దిరాజుకు తెలియదు.