ఒత్తులు పెట్టని బ్యానరు

నేను బోర్డులు రాసేవాణ్ణి. 'ఇక్కడ వాహనములు నిలుపరాదు' అని గోడల మీద వెయ్యిసార్లు రాసుంటాను. సరిగ్గా దాని కిందే బండ్లు పెడతారు. రాతకి ఎంత బలముందో నాకంటే ఎవరికి తెలుసు? అందుకే మా చెల్లెలు ప్రతి శనివారం కూడలిలో యుద్ధం వద్దంటూ నిలబడుతుంటే నాకు ఒళ్ళు మండేది.

ఆమె కొడుకు సరిహద్దులో సిపాయి. మొదట్లో ఆమెతో ఐదొందల మంది నిలబడ్డారు. అంతా ఆరంభశూరత్వం. ఐదు నెలలకి పదకొండు మంది మిగిలారు.

"చెవిటివాడి ముందు శంఖం ఊదుతున్నావే," అన్నాను కొత్త బ్యానరు రాస్తూ.

"ఊదేది నేను కదా అన్నయ్యా. నువ్వు రాయి చాలు."

నాకో పద్ధతుంది. ముందు అక్షరాలన్నీ తలకట్లతో వేసేస్తాను. రంగు ఆరాక ఒత్తులు, కొమ్ములు పెడతాను. ఆ రోజు కోపంతో సగంలో లేచి టీకి పోయాను. వేళవుతోందని ఆమె చూసుకోకుండానే గుడ్డని చుట్ట చుట్టి పట్టుకెళ్ళిపోయింది. పట్టుకున్నవాళ్ళకి రాసిన వైపు కనబడదు. 'యుద్ధం వద్దు' ఉండాల్సిన చోట 'యదం వద' పట్టుకుని రెండు గంటలు నిలబడ్డారు.

ఎవరో ఫొటో తీసి, 'ముందు ఒత్తులు నేర్చుకోండి, తర్వాత యుద్ధం ఆపుదురుగాని' అని రాసి వదిలారు. ఐదు నెలలుగా ఎవరూ పట్టించుకోని మా చెల్లెలి మొహం రెండు రోజుల్లో ఊరందరి ఫోన్లలోకీ చేరింది. నాకు తల కొట్టేసినట్టయింది.

మంగళవారం మేనల్లుడు కొట్టుకి ఫోన్ చేశాడు.

"మామయ్యా, మా ఆఫీసరు ఆ ఫొటో చూపించి, ఈవిడ నీకు తెలుసా అన్నాడు. తెలీదన్నాను." గొంతు తగ్గించాడు. "అమ్మని ఇక వెళ్ళొద్దని చెప్పు. ఆవిడ మా అమ్మని తెలిసిందంటే నన్ను ముందు వరసకి పంపేస్తారు."

సాయంత్రం చెల్లెలికి చెప్పాను.

"నేనెవరో తెలీదన్నాడా?"

"అన్నాడు."

"మంచి పని చేశాడు," అంది. కళ్ళు తుడుచుకుంది. "అయితే అక్కడిదాకా చేరిందన్నమాట."

"చేరింది నా తప్పు. యుద్ధం ఆగిందా?"

"నేను ఇంట్లో కూర్చుంటే మాత్రం ఆగుతుందా?"

"వాడికేమైనా అయితే?"

 ఆమె రంగు డబ్బాల మధ్య కూర్చుని ఒక్కోదానికీ మూత బిగించింది. వెళ్ళనంటుందేమోనని ఆశపడ్డాను, నిజం చెప్పొద్దూ.

"ఈసారి గుడ్డ ఎత్తు పెంచు అన్నయ్యా," అంది చివరికి. "నా మొహం కనబడకూడదు."

తిట్టడానికి నోరు రాలేదు. ఆమెను గోడకి నిలబెట్టి పాదాల నుంచి నడినెత్తి దాకా టేపు పట్టాను. ఐదడుగుల రెండంగుళాలు. ఆరడుగుల ఎత్తు గుడ్డ కోశాను. కుంచె ముంచి, గుడ్డకి జానెడు దూరంలో ఆపాను. నేను రాస్తే మా పిల్లాడు బతుకుతాడో, రాయకపోతే బతుకుతాడో నాకు తెలియదు.