రెక్క పట్టినవాళ్లు

గాలి రేగిన రోజున ఫ్లయింగ్ క్లబ్బు వాళ్ల రెండు సీట్ల విమానం కదలాలంటే ఇద్దరు మనుషులు కావాలి. చెరో రెక్క కొసా పట్టుకుని రన్‌వే మీదికి నడిపించాలి, పైలట్ చెయ్యెత్తగానే వదిలేసి పక్కకు తప్పుకోవాలి. ఎగరడం నేర్చుకునేది బాబులే గానీ, రెక్కలు మోయడానికి మాత్రం జాలరిపేట వాళ్లు కావాల్సి వచ్చారు.

డెబ్భై నాలుగులో ఎల్లారావుకు ఆ పని ఇప్పించింది అతని అక్క పోతమ్మ మొగుడు గురువులే. ఎల్లారావు అంతవరకూ తెప్ప మీద బతికినవాడు. తెప్పను నీళ్లలోకి దింపేటప్పుడు కెరటం కొడితే పట్టు ఇంకా బిగించాలి, వదిలామా తెప్ప తిరగబడుతుంది. ఆ సంగతి అతని బుర్రకన్నా ముందు చేతులకు తెలుసు.

ఆ పొద్దున గాలి ఒక తీరుగా లేదు. సముద్రం వైపు నుంచి ఈడ్చి కొట్టి, ఆగి, మళ్లీ కొడుతోంది. పైలట్ నరసింహమూర్తి ఇంజను జోరు పెంచి చెయ్యెత్తాడు. గురువులు తన రెక్క వదిలేశాడు. సరిగ్గా అప్పుడే అడ్డగాలి విసురుగా వచ్చి ఎల్లారావు చేతిలోని రెక్కను పైకి లేపింది. అతను వదలలేదు సరికదా, రెండు చేతులా దాన్ని పట్టుకు వేలాడాడు.

"వొగ్గీరా" అని అరిచాడు గురువులు. "వొగ్గీరా ఎల్లిగా."

వదలమంటుంటే ఎల్లారావు ఇంకా బిగించాడు. విమానం అతని వైపు గిర్రున తిరిగింది. బావమరిదిని లాగేద్దామని గురువులు ముందు నుంచి అడ్డంగా పరుగెత్తాడు. ప్రొపెల్లర్ అతన్ని భుజం దగ్గర నరికింది. చెయ్యి ఎటో ఎగిరిపోయింది, మనిషి మరోవైపు పడ్డాడు. వేడి నెత్తురు కళ్లల్లో పడ్డాక ఎల్లారావు వదిలాడు. రెక్క నిలువునా లేచి, విమానం వెల్లకిలా పడి, అద్దాలు పొడిపొడి అయ్యాయి. తలకిందులుగా వేలాడుతున్న నరసింహమూర్తిని ఎవరో బయటికి లాగారు. గురువులు మాత్రం అక్కడే, బావమరిది ఒళ్లోనే పోయాడు.

విచారణకొచ్చిన ఆఫీసరు అడ్డగాలి అని రాసుకుని వెళ్లిపోయాడు. కూలివాణ్ణి ఎవరడుగుతారు? నోరు మూసుకుంటే అక్క గడప తొక్కవచ్చు, ఆమె వండింది తినవచ్చు. లోకంలో అతనికున్నది ఆమె ఒక్కతే. మూడు రోజులు అలాగే తిన్నాడు. నాలుగో రోజు ఎత్తిన ముద్దను కంచంలోనే పెట్టేశాడు.

"గాలి గాదప్పా. నాను రెక్క వొగ్గలేదు" అన్నాడు అక్కతో.

పోతమ్మ మూలనున్న తెడ్డు తీసి కొట్టింది. నుదురు చిట్లింది, రెండు పళ్లు ఊడాయి. అతను చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. విడిపించబోయిన ఇరుగుపొరుగునీ నాలుగు బాదింది. చివరికి ఆయాసంతో ఆగింది.

"మీ బావ నిన్ను వొగ్గీమన్లేదా?"

"అన్నాడు."

"నీకు ఇనపళ్లేదా?"

ఇనపళ్లేదు అంటే చాలు, ఎప్పటికైనా అక్క దక్కుతుంది. ఎల్లారావుకు ఏడుపొచ్చింది.

"ఇనపడిందప్పా."

పోతమ్మ మరి కొట్టలేదు. అతను తింటున్న కంచం తీసి, అన్నం కుక్కలకు పోసి, కంచాన్ని వీధిలో పెట్టి తలుపేసుకుంది.