అడగని ఖాతాలు

ముసలావిడ మిసెస్ జబ్లాన్‌స్కీ అడిగింది కొత్త చెక్కుబుక్కు ఒక్కటే. మా మేనేజరు ట్రెంట్ ఆవిడ చేత మూడు చోట్ల సంతకాలు పెట్టించాడు. దాంతో ఇంకో రెండు ఖాతాలు, ఒక కార్డు ఆవిడ పేరున పుట్టాయి. పక్క కౌంటర్లో కూర్చుని అంతా చూశాను. నోరు మెదపలేదు. ఈ కథలో నేనేమీ పుట్టుకతో వీరురాలిని కాదు, ముందే చెప్పేస్తున్నాను.

అమెరికాలో మిల్వాకీ నగరం దక్షిణపు పేటలో మా బ్యాంకు శాఖ. పొద్దున తలుపులు తీయకముందే అందరం గుండ్రంగా నిలబడాలి. ఇవాళ ఎన్ని ఖాతాలు అమ్ముతామో ఒక్కొక్కరం అరవాలి, మిగతావాళ్లు చప్పట్లు కొట్టాలి. వచ్చిన ప్రతి ఖాతాదారుకీ ఎనిమిది ఖాతాలు అంటగట్టాలని పై ఆఫీసు హుకుం. ఉద్యోగంలో చేరిన రోజున మాత్రం బ్యాంకు చరిత్ర సినిమా వేస్తారు. నూరేళ్ల కిందట కరువులో రైతులకు విత్తనాలిచ్చి ఆదుకున్న బ్యాంకట! అది చూసి ఏడ్చినదాన్ని నేను. పందొమ్మిదేళ్లు నమ్మాను.

మా కౌంటర్లలోనే పనిచేసే లొరేనా చేరి రెండేళ్లే. భోజనాల గదిలో నన్ను నిలదీసింది.

"ఆర్నెటా, ఇది దొంగతనం కాదూ?"

"గోడ మీద ఫిర్యాదుల నంబరుందిగా, దానికి చెప్పు. నీ పేరు బయటికి రాదు" అన్నాను. నిజంగా నమ్మే అన్నాను.

మంగళవారం ఫోన్ చేసింది. శుక్రవారం ఉద్యోగం ఊడింది. నాలుగు నిమిషాలు ఆలస్యంగా వచ్చిందట! ఆమె ఫిర్యాదు కాగితం, పేరుతో సహా, ట్రెంట్ బల్ల మీద నా కళ్లారా చూశాను. పనిలోంచి తీసేశారన్న ఆ మచ్చతో ఇంక ఏ బ్యాంకూ ఆమెను గడప తొక్కనివ్వదు.

"నువ్వేగా చెప్పమన్నావ్" అంది వెళ్తూ. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ సాయంత్రం చేపల వేపుడు తింటూ కౌంటర్లలో మిగిలిన ముగ్గురం, డ్వేన్, పావ్, నేను, వాదులాడుకున్నాం.

"నాకు ఇద్దరు పిల్లలు" అన్నాడు డ్వేన్.

"లొరేనాకి లేరా? కంచే చేను మేస్తుంటే ఎవరికి చెప్పుకుంటావ్? చేలో ఉన్నవాళ్లకే, ఖాతాదారులకే చెప్పాలి" అంది పావ్. "ఎవరి ఖాతాల జాబితా వాళ్లకి ఇవ్వడం తప్పు కాదు. రూలు పుస్తకంలోనే ఉంది."

మూడో తారీఖు, పింఛన్ల రోజు. హాలు కిక్కిరిసింది. పొద్దున గుండ్రంగా నిలబడ్డాం గాని ఎవరం అరవలేదు. తలుపులు తీయగానే, వచ్చిన ప్రతివాళ్ల చేతిలో వాళ్ల జాబితా పెట్టాం.

"ఈ కార్డెవడిదర్రా? నాదా? నేనెప్పుడడిగాను?" మిసెస్ జబ్లాన్‌స్కీ కేకకు హాలంతా గగ్గోలెత్తింది.

ట్రెంట్ పోలీసులకు ఫోన్ చేసి నా మీదికొచ్చాడు. "నీ ఉద్యోగం పోయింది. బయటికి నడు!"

కౌంటరు దాటి వచ్చి వరస చివర నిలబడ్డాను. "పోతే పోయింది. నా జీతం పడే ఖాతా ఇక్కడే ఉంది. నేనూ ఖాతాదారునే."

జనం నన్ను ముందుకు తోశారు. పావ్ నా కాగితం తీసిచ్చింది. నేను తెరిచిన ఖాతా ఒకటి. అందులో ఉన్నవి ఆరు. మొదటి దొంగ ఖాతా నేను చేరిన రెండో ఏడాదిది. నేను చప్పట్లు కొడుతున్న రోజుల్లోనే నన్నూ అమ్మేశారు! ఆరూ పైకి చదివాను.

"నాదీ తియ్యి పావ్" అంటూ డ్వేన్ వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"లొరేనా చెప్పింది నిజమని రాసివ్వండి. ఆమెను మళ్లీ కౌంటర్లో కూర్చోబెట్టండి. అందాకా కదలం" అన్నాను ట్రెంట్‌తో.

పోలీసు లోపలికొచ్చాడు. "హాలు ఖాళీ చెయ్యండి!"

ఎవరూ కదల్లేదు. మిసెస్ జబ్లాన్‌స్కీ అతన్ని ఎగాదిగా చూసింది.

"నీ ఖాతా కూడా ఇక్కడేనా నాయనా? అయితే వరసలో నిలబడు."