మూడో గడి

మినప్పప్పు పొట్టు కడుగుతున్నాను. మోచేతుల దాకా తడి. ఆయన పెరటి గుమ్మంలో పీట వాల్చుకుని, ఒళ్లో ఒక కొత్త పుస్తకం తెరిచి పెట్టుకుని, "ఏమే, నువ్వు కూలిదానివి అనుకో. నేను ఆఫీసర్ని. వచ్చి ఫిర్యాదు చెప్పు" అన్నారు.

నాగపూరు నుంచి వచ్చి అప్పటికి మూడు రోజులు. కొంటా దగ్గర శబరి ఒడ్డున కలప డిపోలో తొమ్మిదేళ్లు గుమాస్తాగా చేశారు. యుద్ధం అయిపోయింది, పట్నాల్లో మిల్లులు సమ్మె కడుతున్నాయి, ఆ గాలి మన సంస్థానం అడవుల్లోకి రాకముందే జాగ్రత్త పడాలని రాజమండ్రిలో ఉండే కంపెనీవారు ఆయన్ని ఆరు వారాల శిక్షణకు పంపారు. కూలీల మాట వినడం కూడా ఒక విద్యేనట. వెళ్లినప్పుడు గుమాస్తా, తిరిగి వచ్చినప్పుడు లేబర్ ఆఫీసర్.

"చేతులు ఖాళీగా లేవండీ" అన్నాను.

"కూలిదాని చేతులు ఖాళీగా ఉంటాయా? కానీ."

ఆటే కదా అని మొదలుపెట్టాను. "అయ్యా, కోడి కూయకముందు లేస్తాను. ఇంటి పని చేసి బడికి పోతాను. ముప్పై మందికి చదువు చెప్పి వచ్చి మళ్లీ పొయ్యి దగ్గర కూర్చుంటాను. అందరూ తిన్నాక తింటాను. ఒక్క పూటైనా కూర్చుని వేడి అన్నం తిని ఎన్నాళ్లయిందో గుర్తు లేదు." ఎక్కడో మధ్యలో అది ఆట కాకుండా పోయింది. నా గొంతు నాకే వినిపించింది.

ఆయన కళ్లెత్తి నన్ను చూశారు. పెళ్లయిన పదకొండేళ్లలో అంత శ్రద్ధగా ఎప్పుడూ చూడలేదు. తల మెల్లగా ఊపారు. పెన్సిలుతో ఏదో రాసుకున్నారు. "నీ కష్టం నాకు అర్థమైంది. విచారిస్తాం" అన్నారు. ఒక్క క్షణం నమ్మాను. ఆ వెంటనే పుస్తకం మూసి నవ్వారు. "చూసినవా? సగం కోపం గిక్కడ్నే దిగిపోతది. వినాలె, తలూపాలె, రాసుకోవాలె. చల్లారనియ్యాలె. నాగపూరులో ఇదే నేర్పిండ్రు."

లోపలి నుంచి మా అత్తగారు రామసుబ్బమ్మగారు, "ఫిర్యాదు అయిపోతే ఆ పప్పు రుబ్బుతవా ఇయ్యాల?" అన్నారు. ఆయన పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. పప్పు రుబ్బాను.

ఆయన తెచ్చిన నోట్సు హిందీ సగం, ఇంగ్లీషు సగం. మేనేజరు గారికి తెలుగే వచ్చు. అందుకని ఆ నలభై పేజీలూ నేను తెలుగులో సాఫు రాశాను, రెండు ఆదివారాలు కూర్చుని. చివర ఆయన సంతకం చేశారు. "నీ రాత ముత్యాలే" అన్నారు. మేనేజరు మెచ్చుకున్నది ఆయన్ని. ఫిర్యాదుల పుస్తకం ఆయన హిందీలో రాసేవారు; దానికి గీతలు గీసింది కూడా నేనే. మొదటి గడిలో ఫిర్యాదు చేసేదెవరు, రెండో గడిలో ఏమిటి, మూడో గడిలో ఎవరి మీద.

ప్రతి మంగళవారం బడి వదిలాక డిపో వరండాలో ఫిర్యాదులు వినేవారు. కూలీలు దొర్లవాళ్లు; వాళ్ల భాష దొర్లి ఆయనకు రాదు. నాకు వచ్చు. మా నాన్నకు ఎర్రబోరులో ఉప్పు, బట్టల కొట్టు ఉండేది. దొర్ల పిల్లలతో కలిసి ఆడుకున్న దాన్ని. కాబట్టి దుభాషి పని నాది. దానికి ఉద్యోగం పేరు లేదు. "దుభాషి అంటే నాలుక. నాలుకకు సొంత బుద్ధి ఉండగూడదు. వాళ్లు చెప్పింది ఇటు, నేను చెప్పింది అటు. మధ్యల నీ మాట ఒక్కటి గూడ రావద్దు" అని ముందే చెప్పారు.

ఆ నాలుక పనిలో ఉండగానే సోమి వచ్చింది.

సోమి పెళ్లికి ముందు మా బడి ఊడ్చేది. ఊడ్చాక వెనక బల్ల దగ్గర కూర్చుని పిల్లల పలకల్లోకి చూసేది. నేర్పితే తన పేరు రాయడం నేర్చుకుంది, రెండక్షరాలు. మిగతావి నేర్చుకునేలోగా సన్నాతో పెళ్లి చేశారు. మా పాప జ్వరంతో పోయినప్పుడు, మూడేళ్ల పిల్ల, ఎవరూ దగ్గరికి రాలేదు. సోమి వచ్చి నీళ్లు కాచి పాపకు స్నానం చేయించింది. మా అత్తగారు "ఆడపిల్లే గదా, మల్ల పుడతరు తియ్" అన్నప్పుడు సోమి ఆవిడ వైపు చూసిన చూపు నాకు గుర్తుంది. నేను అలా చూడలేకపోయాను.

ఆ మంగళవారం నాటికి సోమికి ఏడో నెల. కార్తీకం. తెప్పలుగా కట్టి శబరిలో వదలవలసిన దుంగలను ఆడవాళ్లు నడుము లోతు నీళ్లలో నిలబడి తాళ్లతో కూడదీస్తారు. ఒడ్డు మీద కూర్చుని బెరడు వొలిచే పని కూడా ఉంది, అది ముసలివాళ్లకూ చూలింతలకూ ఇచ్చేది వాడుక.

"నీళ్లల్ల నిలబడలేకపోతున్న" అంది సోమి నాతో. "దినాం కడుపు రాయి లెక్క గట్టిపడుతది. కానుపు అయ్యేదాక బెరడు పనిల ఎయ్యమను. పనికి రానంటలేను."

తెలుగులో చెప్పాను. ఆయన తల ఊపారు. మొదటి గడి రాశారు, రెండో గడి రాశారు. "నీళ్లల్ల నిన్ను నిలబెట్టింది ఎవరు?"

సోమి నేల చూసింది. "ఆయన."

"ఏ ఆయన?"

"మా ఇంటాయనకు అన్న."

అన్న పేరు కేసా. డిపోలో పెద్ద మేస్త్రీ. పది అడుగుల దూరంలో వరండా స్తంభానికి ఆనుకుని పొగాకు నములుతున్నాడు. సోమి వాళ్ల పొయ్యి వేరు పెట్టుకున్నందుకు, తనకు వండి పంపనందుకు, అతను ఆమెను నీళ్లలోకి దింపాడని అక్కడున్న నలభై మందికీ తెలుసు. మా ఆయనకూ తెలుసు.

"అన్నలు నలుగురుంటరు. పేరు చెప్పమను. పేరు లేని ఫిర్యాదు చాడీ అయితది."

వాళ్లలో ఆడది మొగుడి అన్న పేరు పలకదు. ఎదురుపడదు, నీడ తొక్కదు. సోమి పక్కనే ఉన్న బుధ్రి ఉండబట్టలేక, "ఆ పేరు అది ఎట్ల ఎత్తుతది? తప్పు గాదా? వాడు గాడ్నే నిలబడ్డడు గదా, సూడమను" అంది.

"ఫిర్యాదు నీదా? కాదు గదా? నోరు మూసుకో" అన్నారు ఆయన. దాన్ని కూడా నేనే దొర్లిలో చెప్పాను. తర్వాత సోమి వైపు తిరిగి, "పేరు చెప్తే పండ్లు ఊడతయా ఏంది?" అన్నారు. గుమాస్తాలు నవ్వారు. కేసా కూడా నవ్వాడు.

ఆ నవ్వు మధ్యలో నాకు మా ఇంటి గడప గుర్తొచ్చింది. కొత్త కోడలిగా వచ్చిన రోజు ఆడపడుచు గుమ్మానికి అడ్డంగా నిలబడి "మొగుడి పేరు చెప్పి లోపలికి రా" అంది. అరగంట నిలబెట్టారు. చివరికి పలికాను, గొంతు దాటీ దాటకుండా. అందరూ చప్పట్లు కొట్టారు. జన్మలో ఆ ఒక్కసారే. తర్వాత బడి రిజిస్టరులో భర్త పేరు రాయాల్సి వస్తే కాగితం మీద రాసేదాన్ని, పలికేదాన్ని కాదు. సోమి గొంతులో ఇప్పుడు ఏం అడ్డుపడుతుందో నాకు తెలుసు.

సోమి పెదవులు కదిలించింది. అటూ ఇటూ చూసి, వరండా మెట్టు దగ్గర దుమ్ములో కూర్చుంది, ఆ కడుపుతో అతి కష్టం మీద. వేలితో రాసింది. అందరూ వంగి చూశారు. సోమి. ఆమెకు వచ్చిన రాత అదొక్కటే. పలకకపోయినా రాస్తే చాలేమోనని, తనకు తెలిసింది రాసి చూపించింది.

"అది నీ పేరేనే పిచ్చిదానా" అన్నారు ఆయన. మెట్టు దిగి నిలబడ్డారు. చెప్పు ఆ రాత మీద పడింది.

నేను సాఫు రాసిన నలభై పేజీల్లో, పంతొమ్మిదో పేజీలో, పేరు తన నోటితో చెప్పాలనే నియమం ఉంది. దాని కిందనే ఇంకొక వాక్యం ఉంది: 'ఆచారం వల్ల గానీ భయం వల్ల గానీ ఫిర్యాదుదారు పేరు పలకలేని చోట, ఎరిగిన సాక్షి ఎవరైనా పలకవచ్చు.' నా రాతే. ముత్యాలే. నేను ఆయన వైపు చూశాను. ఆయన నా వైపు చూశారు. నలభై మంది ముందు భర్త మాటకు అడ్డం రావడం అనేది నా ఒంట్లో ఎక్కడా లేదు. నాలుకకు సొంత బుద్ధి ఉండకూడదు.

"తర్వాతి వాళ్లని పిలువు" అన్నారు.

మూడో గడి ఖాళీగా ఉండిపోయింది. పక్కన 'ఫిర్యాదు లేదు' అని రాసుకున్నారు. సోమి లేవడానికి బుధ్రి చెయ్యి అందించింది. సోమి నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

ఇంటికి వచ్చాక, కాళ్లకు నీళ్లు ఇస్తూ అడిగాను. "ఆ పేజీలో సాక్షి గురించి ఉంది కదండీ."

"ఉంది."

"మీకు గుర్తుందా?"

"ఎందుకు లేదు? కేసాను కదిపితే రేపు నూరు మంది కూలీలు పనికి రారు. దుంగలు నువ్వు లాగుతవా? నీకు పలకలు తెలుసు, మనుషులు తెల్వరు." తువ్వాలు అందుకుని కాళ్లు తుడుచుకున్నారు. తర్వాత, ఏమంత పెద్ద విషయం కానట్టు, "అయినా నువ్వు గూడ గాడ్నే ఉంటివి గదా. నీకు నోరు లేదా?" అన్నారు.

పదకొండేళ్లలో ఆయన నన్ను చాలా మాటలు అన్నారు. నిజం అన్నది ఆ ఒక్కసారే.

తొమ్మిదో రోజు బుధ్రి బడి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. లోపల పిల్లలు ఏడో ఎక్కం చెబుతున్నారు. అయ్యేదాకా ఆగింది. "నీళ్లల్లనే నొప్పులొచ్చినయ్" అంది. "బిడ్డ ముందే పోయింది. సోమి ఒడ్డుకు తెచ్చినంక పోయింది." నేను పిల్లలకు ఎనిమిదో ఎక్కం మొదలుపెట్టించి, బయటికి వెళ్లాను.

సోమికి స్నానం చేయించడానికి నన్ను రానిచ్చారు. నీళ్లు నేనే కాచాను. ఇంటికి తిరిగి వస్తే అత్తగారు, "ఎక్కడెక్కడి మైలో మోసుకొస్తివి. తల మీద పోసుకొని పొయ్యి ముట్టియ్యి, వాడు ఆకలికి ఆగలేడు" అన్నారు. పోసుకున్నాను. ముట్టించాను.

మాఘంలో నాగపూరు నుంచి శిక్షణ ఇచ్చిన పెద్దాయన వచ్చారు. తన దగ్గర చదువుకున్న ఆఫీసర్లు ఎలా పని చేస్తున్నారో చూడడానికి గీదం మీదుగా మోటారులో తిరుగుతున్నారట. ఆ పొద్దున మళ్లీ మినప్పప్పు కడిగాను. అరవై గారెలు వండి, బుట్టలో పెట్టి, డిపోకు మోశాను. వడ్డించడానికి ఒక మనిషీ, దుభాషిగా ఒక మనిషీ కావాలి. ఇద్దరూ నేనే.

వరండా ముందు కూలీలను వరుసగా కూర్చోబెట్టారు. పెద్దాయన ఫిర్యాదుల పుస్తకం తిరగేశారు. మంచి మనిషిలాగే ఉన్నారు. "శాబాష్" అన్నారు హిందీలో. "ఇన్ని నెలల్లో పై దాకా వచ్చిన ఫిర్యాదు ఒక్కటి కూడా లేదు. ఇలాంటి చోటు నేను చూడలేదు." మా ఆయన చేతులు కట్టుకుని, తల వంచుకుని నిలబడ్డారు, పొగడ్త వినేటప్పుడు ఎలా నిలబడాలో అది కూడా నేర్పి ఉంటారు. "ఈ గీతలు గీసిందెవరు, ఇంత చక్కగా?"

"మా ఇంటిది సార్. గారెలు కూడా తనే" అన్నారు ఆయన. అందరూ నవ్వారు.

నేను గారెల పళ్లెం బల్ల మీద పెట్టాను. చెంగుకు చేతులు తుడుచుకున్నాను. "ఒక ఫిర్యాదు పూర్తి కాలేదు" అన్నాను హిందీలో. "కార్తీకంలోది. మూడో గడి ఖాళీగా ఉంది."

పెద్దాయన పేజీలు వెనక్కి తిప్పారు. దొరికింది. "ఈమె ఎక్కడ?"

"చనిపోయింది. ఆ నీళ్లలోనే. ఆమె తరఫున సాక్షి చెప్పవచ్చని మీ నియమం ఉంది, పంతొమ్మిదో పేజీ."

పెద్దాయన ముఖంలో నవ్వు పోయింది. కలం తెరిచారు. "ఉంది. కానీ నోటితో చెప్పాలి, బహన్‌జీ. ఎవరి మీద?"

"ఏమే" అన్నారు ఆయన. గొంతు పెంచలేదు. అది చాలుతుందని ఆయనకు పదకొండేళ్ల అనుభవం. "ఇంటికి పో. గిన్నెలు నేను పంపిస్త."

బుధ్రి ముందు వరుసలో కూర్చుని ఉంది. నా మాటలు ఆమెకు అర్థం కాలేదు. నా ముఖం అర్థమైంది. నేను తిరిగి, ఆడవాళ్లందరికీ వినపడేలా, దొర్లిలో చెప్పాను, "సోమి ఫిర్యాదు చెబుతున్నాను." తర్వాత పెద్దాయన వైపు తిరిగాను. సాయంత్రం ఇంటి తలుపు తీసి ఉండకపోవచ్చు. రేపటికి బడి కూడా ఉండకపోవచ్చు. అవన్నీ పొద్దున పప్పు కడుగుతూనే లెక్క చూసుకున్నాను.

"కేసా. మేస్త్రీ."

కలం రాసింది.

"రామలింగం. లేబర్ ఆఫీసర్."

గారూ లేదు, అండీ లేదు. వరుసల్లో ఎవరో ఊపిరి లోపలికి పీల్చారు. నా పళ్లు ఊడలేదు. ఆయన ఒక అడుగు ముందుకు వేసి, పెద్దాయన ఉన్నారని ఆగిపోయారు.

"అంతేనా?" అన్నారు పెద్దాయన.

"ఇంకొకటి ఉంది." దాన్ని పలకడానికే ఎక్కువ సేపు పట్టింది. పిలవడానికి పొడుగు, ఏమే చాలు అని అత్తగారు మొదటి రోజే తీసి పక్కన పెట్టిన పేరు అది. "జ్ఞానప్రసూన. ఆ నియమం స్వయంగా రాసి, తెలిసి, అక్కడే నిలబడి, నోరు మెదపని మనిషి."