మేనేజరు గారి డాక్టరు

విత్తనాల కంపెనీ ఉయ్యూరు బ్రాంచిలో బ్లెస్సీ చేరింది లెక్కలు చూడటానికి. చివరికి చేస్తున్నది మాత్రం మేనేజరు రామకోటేశ్వరరావు గారికి ప్రాణం పోయడం. మధ్యాహ్నం భోజనాలయ్యాక రోజూ అదే డ్యూటీ. ఆయన చావబోతారు, ఈమె బతికిస్తుంది. మంచినీళ్ళు తాగే టైమివ్వకుండా ఆయన మళ్ళీ చావబోతారు. చావడంలో ఆయనకున్న ఉత్సాహం విత్తనాలు అమ్మడంలో ఉండుంటే ఈపాటికి ఆ కంపెనీ డెల్టా మొత్తం కొనేసి ఉండేది.

కంగారు పడకండి, అదొక కంప్యూటర్ ఆట. బ్రౌజర్ తెరిస్తే చాలు, పైసా కట్టక్కర్లేదు, ఏదీ ఎక్కించుకోనక్కర్లేదు. ఎర్రవాళ్ళని ఒక జట్టు, నీలంవాళ్ళని ఒక జట్టు. మెట్లూ గట్లూ అరుగులూ గెంతుకుంటూ పోయి అవతలి జట్టు జెండా ఎత్తుకు రావాలి. దాన్ని ఆఫీసులోకి తెచ్చిన మహానుభావుడు చక్రి, మార్కెటింగు కుర్రాడు. ఆ పాత కంప్యూటర్లలో వేరే ఏ ఆట పెట్టినా మూలిగేవి, ఇది మాత్రం చక్కగా నడిచింది. ఆఫీసువాళ్ళది ఎప్పుడూ ఎర్ర జట్టే, ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో వచ్చి ఎదుటి జట్టులో చేరేవాళ్ళు.

ఆటలోకి దిగేముందు ఎవరికి వారు ఒక వేషం ఎంచుకోవాలి. గాలిలా ఉరికే తుపాకీవాడున్నాడు, దూరంనుంచి గురిచూసేవాడున్నాడు, గోడలూ ఫిరంగులూ కట్టే మేస్త్రీ ఉన్నాడు, ఎన్ని దెబ్బలైనా తినే లావుపాటి వస్తాదున్నాడు. ఆ తర్వాత డాక్టరు. డాక్టరు చేతిలో చెప్పుకోదగ్గ ఆయుధమేమీ ఉండదు, ఒక మందు గొట్టం ఉంటుంది. దెబ్బతిన్నవాడి మీదికి దాన్ని పట్టుకుని నిలబడితే వాడి ప్రాణం మళ్ళీ నిండుతుంది.

మనవాళ్ళ సంగతి తెలిసిందేగా, అందరూ హీరోలే. డాక్టరు వేషం కట్టమంటే ఒక్కడూ ముందుకు రాలేదు. "మీకైతే బాగా నప్పుద్ది మేడమ్, ఓపికెక్కువ గదా" అని ఆ గొట్టాన్ని బ్లెస్సీకి అంటగట్టినవాడు స్టోర్సు చూసే స్టీఫెన్. ఆదివారాలు చర్చిలో స్త్రీపురుష సమానత్వం గురించి చక్కగా ప్రసంగిస్తాడు కూడా.

ఒకరోజు మేనేజరు గారు వీళ్ళని పట్టుకున్నారు. అందరూ కుక్కిన పేనుల్లా కూర్చున్నారు. ఆయన కళ్ళజోడు సర్దుకుని తెర వైపు చాలాసేపు చూసి, "ఎవర్రా ఆ లావుపాటాయన? మనిషి నిండుగా ఉన్నాడే!" అన్నారు. ఆ పూటనుంచి వస్తాదు వేషం ఆయనది. ఇంకొకడు ముట్టుకోవడానికి వీల్లేదు.

ఆయన యుద్ధం ఎలా ఉండేదంటే, తిన్నగా శత్రువుల మధ్యకి నడిచి వెళ్ళి నిలబడేవారు. పక్కకి తప్పుకోవడం, వెనక్కి రావడం ఆయన హోదాకి తక్కువ. చుట్టూ తూటాలు కురుస్తుంటే "బ్లెస్సీ! మందమ్మా, మందు!" అని ఆఫీసు దద్దరిల్లేలా అరిచేవారు. బ్లెస్సీది మంచి చెయ్యి. ఆయన వీపుకి అంటుకుపోయి, తూటాలు తప్పించుకుంటూ, గొట్టం పక్కకి తిరగకుండా పట్టేది. ఆయనతో పాటు మిగిలినవాళ్ళనీ ఓ కంట కనిపెట్టేది. ఆట ముగిసేసరికి పట్టికలో ఆయన పేరు పైన ఉండేది. "చూశావా, వంద మందైనా నా ముందు నిలబడలేకపోతున్నారు" అని మీసం దువ్వేవారు. అత్తసొమ్ము అల్లుడు దానం చెయ్యడమంటే అదే.

ఇందులో బ్లెస్సీకి వచ్చిన కష్టమేమిటో చెప్పాలి. మొన్న వేసవిలో ఆమెకు పెళ్ళయింది. మొగుడు జాన్ పాల్ కొండపల్లి దగ్గర థర్మల్ స్టేషన్లో పనిచేస్తాడు. భవానీపురంలో కాపురం పెట్టారు. పెట్టారంటే, సామాన్లు పెట్టారు. ఈమె తెల్లవారుతూనే రెండు బస్సులు మారి ఉయ్యూరు వస్తుంది. సాయంత్రం మళ్ళీ రెండు బస్సులు మారి ఇల్లు చేరేసరికి ఆయన రాత్రి షిఫ్టుకి బయల్దేరుతూ ఉంటాడు. గేటు దగ్గర ఎదురుపడి తాళంచెవులు చేతులు మార్చుకోవడమే ఆ కొత్త జంట సరసం. పెళ్ళి ఫోటోల్లో తప్ప ఇద్దరూ పక్కపక్కన నిలబడింది లేదు.

విజయవాడ బ్రాంచికి బదిలీ అడిగితే హెడ్డాఫీసు పాపం వెంటనే ఇచ్చేసింది. ఇక మేనేజరు గారు రిలీవ్ చెయ్యడమే తరువాయి. అక్కడే దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదు. మొదట "నాట్ల సీజనమ్మా, ఇప్పుడెట్టా?" అన్నారు. నాట్లు అయ్యాయి. "ఆడిట్ రానీ" అన్నారు. ఆడిట్ వచ్చి, తిని, వెళ్ళింది. మూడోసారి అడిగితే ఆయన దాపరికం లేకుండా చెప్పేశారు.

"నువ్వెళ్ళిపోతే నా వెనక ఎవరుంటారమ్మా? ఈ వెధవలా?"

"ఆట అక్కడినుంచి కూడా ఆడొచ్చండీ. బ్రౌజరే గదా."

"అట్టా కుదరదు. నే కేకేస్తే పలకాలి. ఫోనుల్లో యుద్ధం చేస్తారా ఎవరన్నా?"

బ్లెస్సీ బాత్రూములోకి వెళ్ళి కాసేపు ఏడ్చింది. ఏడుస్తుంటే నవ్వొచ్చింది, నవ్వొచ్చినందుకు ఇంకా కోపమొచ్చింది. ఒక కాపురం నిలబడాలా కూలాలా అనేది ఒక బొమ్మ వస్తాదు ఆయుష్షు మీద ఆధారపడి ఉందంటే పాస్టరు గారికి చెప్పి ప్రార్థన చేయించుకోవడానికి కూడా లేదు.

"మందు వెయ్యమాక, చావనీ" అని సలహా ఇచ్చాడు జాన్ పాల్ ఫోన్లో. సరేనని మర్నాడు ఆయన్ని చావనిచ్చింది. ఆయన వరసపెట్టి చచ్చారు. ఆట అవ్వగానే కుర్చీ తిప్పి ఆమెను ఎగాదిగా చూసి, "పిల్లకి ఒంట్లో బాగున్నట్టు లేదు" అని కొబ్బరిబోండాం తెప్పించారు. సాయంత్రం ముందే పంపించారు కూడా. అంత మంచిగా ఉంటే ఇంక మనిషి మీద కోపం ఎలా నిలబెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు.

పోనీ తన బదులు ఇంకొకర్ని తయారుచేద్దామనుకుంది. చక్రిని అడిగితే "జెండా నేను తేకపోతే ఎవరు తెస్తారు మేడమ్?" అన్నాడు. వాడు జెండా తెచ్చిన పాపాన పోలేదు. స్టీఫెన్ ఒకపూట డాక్టరు వేషం కట్టి, సగంలో గొట్టం వదిలేసి తుపాకీ అందుకున్నాడు. బిల్లింగ్ చూసే సింధూరి మాత్రం నిజాయితీగా చెప్పింది.

"అక్కా, పొద్దుటినుంచీ వీళ్ళందరి మొహాలూ చూస్తన్నాగా. ఎవడన్నా చస్తే చూడాలనుంటది నాకు. బతికించే ఓపిక లేదు."

దారి దొరికింది ఆటలో కాదు, వరండాలో. సబ్సిడీ విత్తనాల సంతకాలకి రైతులొచ్చి మేనేజరు గారి గది ముందు నిలబడ్డారు. "అయ్యా, మాది కొంచెం చూడండి", "సార్, పొద్దుననగా వచ్చానండీ" అని బతిమాలుతున్నారు. బ్లెస్సీ ఫైలు పట్టుకుని లోపలికి వెళ్ళింది. రామకోటేశ్వరరావు గారు పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టి, "ఆగండి, ఒక్కొక్కరే" అంటున్నారు. ఆ ముఖంలో వెలుగు చూసింది బ్లెస్సీ. వస్తాదు ఎంతమందిని పడగొట్టినా ఆ వెలుగు రాలేదెప్పుడూ. ఈ మనిషికి కొట్టడం కాదు, అడిగించుకోవడం ఇష్టం. ఇన్నాళ్ళూ ఆయన తప్పు కుర్చీలో కూర్చున్నారు.

ఆ మధ్యాహ్నం ఆటలో ఆమె డాక్టరుని వెనకాల ఒక గట్టు మీద నిలబెట్టి చేతులు కట్టుకుంది.

"మేడమ్, పోతన్నా! మందు!" అని అరిచాడు చక్రి.

"నన్నడిగితే ఏం లాభం? సార్‌ని అడుగు. ఇకనుంచీ సార్ ఎవరికి వెయ్యమంటే వాళ్ళకే వేస్తా."

"సార్, నాకు సార్!" అన్నాడు చక్రి.

"సార్, ముందు నాకండీ, నేను సీనియర్ని!" అన్నాడు స్టీఫెన్.

రామకోటేశ్వరరావు గారి చెయ్యి మౌసు మీద ఆగిపోయింది. తెర మీద వస్తాదుని నీలంవాళ్ళు పిండి కొట్టినట్టు కొడుతున్నారు, ఆయన పట్టించుకోలేదు. మెల్లగా వెనక్కి వాలారు.

"ఆగండ్రా, ఒక్కొక్కరే" అన్నారు.

మర్నాడు భోజనాలవ్వకముందే ఆయన ఆమె కుర్చీ పక్కకొచ్చి నిలబడ్డారు. "ఆ డాక్టరేదో నాకియ్యమ్మా. పిల్లలు ఇబ్బంది పడతన్నారు" అన్నారు. వస్తాదు వేషం బ్లెస్సీకి వచ్చింది. ఆమె ఏమీ ఎరగనట్టు తలూపింది.

ఆయన వైద్యం చూసితీరాలి. ఎవడికైనా మందు కావాలంటే నోరు తెరిచి అడగాలి. అడిగినా వెంటనే పడదు. "ఇందాక వేశాగా, ఏం చేశావురా?" అని సంజాయిషీ అడుగుతారు. ఒంటిమీద గీత కూడా పడని స్టీఫెన్‌కి సీనియారిటీ ప్రకారం ముందు పోసి, కొన ఊపిరితో ఉన్న చక్రిని లైన్లో నిలబెట్టేవారు. చక్రి లైన్లోనే చచ్చేవాడు. జట్టు వరసగా ఓడిపోతోంది. మేనేజరు గారు మాత్రం పెళ్ళికొడుకులా కళకళలాడుతున్నారు. వారం తిరక్కుండానే ఆమెను గదిలోకి పిలిచారు.

"ఇక్కడ నువ్వుండి చేసేదేముందమ్మా? వెళ్ళు, మీ ఆయన దగ్గర ఉండు" అంటూ రిలీవింగ్ ఆర్డరు మీద సంతకం పెట్టారు. స్టాంపు వేసి, దాని మీద ఊదుతూ అన్నారు: "ఒకటి మాత్రం చెప్తా, ఏమనుకోబాక. డాక్టరంటే ఊరికే గొట్టం పట్టుకుని వెనక తిరగడం గాదు. బాధ్యత. ఇన్నాళ్ళూ నువ్వు చేసిందేముంది, నా చాటున దాక్కోడం తప్ప?"

బ్లెస్సీకి ఒళ్ళు మండింది. నెలల తరబడి ఈయన్ని వీపున మోసినట్టు మోసింది. ఈయన గెలుపంతా తన చేతుల్లోంచి వెళ్ళిందే. కానీ కాగితం ఇంకా ఆయన వేళ్ళ మధ్యే ఉంది. "అవునండీ" అంది. కాగితం అందుకుంది. మడిచి బ్యాగులో పెట్టి జిప్పు లాగింది.

బస్సుకి ఇంకా టైముంది. అవతల భోజనాలయ్యాయి, ఆట మొదలవుతోంది. ఆమె కంప్యూటరు ఇంకా ఆపలేదు. కూర్చుంది. ఎర్ర జట్టు నొక్కబోయి, నీలం నొక్కింది. పేరు మార్చేసి, వేషాల్లో గాలిలా ఉరికే తుపాకీవాణ్ణి తీసుకుంది.

ఆ ఆట తెలిసినవాడెవడైనా ముందు డాక్టరునే కాలుస్తాడు. డాక్టరు పోతే మిగిలినవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే పోతారు. ఆ సంగతి ఆ ఆఫీసులో తెలిసింది ఒక్క బ్లెస్సీకే, ఎందుకంటే అన్నాళ్ళూ తూటాలన్నీ వెతుక్కుంటూ వచ్చింది ఆమెనే. గట్ల మీదుగా ఎగిరి వెళ్ళి, క్యూ సర్దుతున్న రామకోటేశ్వరరావు గారిని ఒక్క దెబ్బకి పడగొట్టింది. ఆయన మళ్ళీ పుట్టారు. మళ్ళీ పడగొట్టింది. పుట్టిన చోట రెండడుగులు వేయనివ్వలేదు.

"ఎవడ్రా వీడు? పనిగట్టుకుని నా ఎంటే పడ్డాడు! చక్రీ, అడ్డం రారా!"

"జెండా దగ్గరున్నా సార్!"

"స్టీఫెన్! ఒరే, నువ్వన్నా చూడరా! ఇందాకేగా నీకు మందేశా!"

స్టీఫెన్ తుపాకీతో అవతలి గట్టెక్కేశాడు. మేనేజరు గారు మౌసు బల్లకేసి కొట్టారు. "అసలెవడండీ వాడు!"

"నేనేనండీ" అంది బ్లెస్సీ. లేచి నిలబడి బ్యాగు భుజానికి తగిలించుకుంది.

సింధూరి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. రామకోటేశ్వరరావు గారు తెర మీద పడున్న తన డాక్టర్ని చూశారు, ఆమెను చూశారు. కోపం తెచ్చుకుందామనుకున్నారు, రాలేదు.

"అయితే... రోజూ నిన్ను కూడా ఇట్టానే కొట్టేవాళ్ళా అమ్మా?"

"రోజూనండీ."

"మరి ఒక్కసారన్నా చెప్పలేదేం?"

"మీరు ముందుకు చూస్తుండేవారు కదండీ. నేను మీ వెనక ఉండేదాన్ని."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. బ్లెస్సీకి ఆయన మీద జాలేసింది. కాకపోతే బస్సు వదులుకునేంత జాలి కాదు.