శనివారం చదివిన పేర్లు

దక్షిణాఫ్రికాలో, డర్బన్ పక్కనున్న చాట్స్‌వర్త్ ఆంధ్ర సభ హాల్లో శనివారం భజన గంట, భోజనం గంటన్నర. రెంటికీ మధ్య పావుగంట జగన్నాథ్‌ది.

బస్సు ఇన్‌స్పెక్టరుగా రిటైరయి, పద్దెనిమిదేళ్లుగా సభకు కార్యదర్శిగా ఉన్నాడు. మైకు చేతికొస్తే మైకం కమ్మే మనిషి. పెళ్లయినవాళ్లు, పోయినవాళ్లు, పరీక్ష పాసైనవాళ్లు, అందరి పేర్లూ ఆయన నోటి మీదుగానే హాల్లోకి వచ్చేవి. 1997లో ఆ వరసలోకి ఇంకో జాబితా చేరింది. ఆ వారం కొట్టుకున్న కుర్రాళ్ల పేర్లు.

కొత్త ప్రభుత్వం వచ్చి బెత్తం ఎత్తేసింది. బళ్లో బెత్తం పోయాక హాల్లో పెత్తనం పెరిగింది. పేరు చదవగానే కుర్రాడూ, కన్నవాళ్లూ లేచి నిలబడాలి. జగన్నాథ్ ఒక చెణుకు విసరాలి. రెండొందల మంది నవ్వాలి. ఆ తర్వాతే కూర్చోవాలి. సిగ్గుపడితే బాగుపడతారని ఆయన నమ్మకం. బాగుపడింది జాబితా ఒక్కటే. మార్చిలో మూడు పేర్లుంటే ఆగస్టుకు పదకొండయ్యాయి. బడి ముందు స్టాపులో బస్సులు ఆగేవి గాని గొడవలు ఆగేవి కావు.

ఆగస్టు చివర్లో ఆ జాబితాకు ఆయన మనవడే ఎక్కాడు. రివాష్, కూతురు ఇంద్ర కొడుకు, పదహారేళ్లవాడు. తన ఈడువాడే అయిన సగ్రెన్‌ను కొట్టి పెదవి పగలగొట్టాడు. ఇంకొక్కసారి చెయ్యెత్తితే బడిలోంచి తీసేస్తామని హెడ్మాస్టరు ఉత్తరం పంపాడు.

"శనివారం వాడి పేరు చదవొద్దు నాన్నా," అంది ఇంద్ర.

"అంతమంది లైటీల, కుర్రోళ్ల పేర్లు చదివినా. నా మనవడు వస్తే మింగాల్నా? పీపుల్ ఏమంటారు?"

"ఏమన్నా అనుకోనీ. స్కూల్ తీసేస్తే వాడు యాడికి పోతాడు?"

"నిలబడితే నేర్చుకుంటాడు."

"సగ్రెన్ పేరు మూడుసార్లు చదివినావు. నేర్చుకున్నాడా?"

జగన్నాథ్ లేచి వెళ్లి శారదకు ఫోను చేశాడు. ఆవిడ గుంటూరు నుంచి రెండేళ్ల క్రితం వచ్చి, డర్బన్‌లో ఒక ఆసుపత్రిలో సైకాలజిస్టుగా పనిచేస్తోంది. అప్పుడప్పుడూ భజనకు వస్తుంది.

శుక్రవారం సాయంత్రం ఆవిడ హాలుకు వచ్చేసరికి మృదంగం వాయించే నారాయణసామి గుమ్మంలోనే ఆపాడు.

"డాక్టరమ్మా, మాకు పిచ్చి ఎవరికీ లేదు. ఈయనకి మైకు పిచ్చి, అంతే."

జగన్నాథ్ వినిపించుకోలేదు. "ట్వెంటీ మినిట్ లెక్చర్ ఇయ్యి అమ్మా. పిల్లలకి బుద్ధి చెప్పు."

"చెప్పేముందు చూడాలి కదండీ. ఈ గొడవల గురించి ఏమైనా రాసిపెట్టారా?"

రాయకుండా ఎలా ఉంటాడు? ముప్ఫయ్యేళ్లు బస్సుల రాకపోకలు రాసిన చెయ్యి. ఆయన నోటుబుక్కులో ప్రతి గొడవకూ తేదీ, వారం, గంట, నిమిషం, స్టాపు ఉన్నాయి. శారద కళ్లు మెరిశాయి. "ఇంత శుభ్రంగా మా ఆసుపత్రిలో కూడా ఎవరూ రాయరండీ," అంటూ పెన్సిలు తీసింది. అరగంట తర్వాత తలెత్తింది.

"ముప్ఫైనాలుగు గొడవలు. ఇరవైరెండు సోమవారాలే. అన్నీ రెండుంబావుకూ మూడుకూ మధ్య."

పెద్దమనుషులిద్దరూ మొహాలు చూసుకున్నారు. సోమవారాలు సమరవారాలని ఇన్నాళ్లూ ఎవరికీ తట్టలేదు.

"సండే వీడియోలు," అన్నాడు నారాయణసామి. "అన్నీ ఫైటింగ్ పిక్చర్లే."

"సండే మటన్," అన్నాడు జగన్నాథ్. "రక్తం వేడెక్కుద్ది."

"కుర్రాణ్ణే అడుగుదాం," అంది శారద.

రివాష్ అప్పుడు తల్లితో కలిసి కుర్చీలు వేస్తున్నాడు. శారద వాడితో వెనక మెట్ల మీద గంటసేపు కూర్చుంది. ఎక్కువసేపు వాడే మాట్లాడాడు. తిరిగొచ్చాక, "మీకు చూపించడానికి తనే ఒప్పుకున్నాడు," అని చెప్పి పక్కకు తప్పుకుంది.

రివాష్ పొట్ట ముందుకు తోశాడు. పిడికిలిని మైకులా పట్టుకున్నాడు.

"దయచేసి," అని ఒక దగ్గు దగ్గి, "సగ్రెన్ ఫ్యామిలీ, స్టాండప్ ప్లీజ్. ముందున్నవాళ్లు వంగండి. వెనకవాళ్లకి సిగ్గు కనపడాల."

అచ్చం జగన్నాథ్. గొంతు, దగ్గు, చివర్లో ఎగిరే కనుబొమ్మతో సహా. నారాయణసామి భుజాన ఉన్న తువాలు నోట్లో కుక్కుకున్నాడు.

"మండే స్టాపులో అందరం ఇదే చేస్తాం తాతా," అన్నాడు రివాష్. "పేరు వచ్చినోడు ఊరుకుంటే వీక్ మొత్తం చేస్తారు. కొడితే ఆగుద్ది."

"నువ్వు సగ్రెన్‌కి చేసినావా?"

"నేనే బెస్ట్ చేస్తా." ఆ మాట కొంచెం గర్వంగానే వచ్చింది. తర్వాత వాడు బూట్లు చూసుకున్నాడు. "వాడు తోసినాడు. నేను కొట్టినా."

జగన్నాథ్ కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

"శనివారం అంతమందిలో దించిన తల, సోమవారం చెయ్యెత్తితేగాని లేవదని వీళ్ల లెక్క," అంది శారద. "తప్పు చేశానన్న బాధ మనిషిని క్షమాపణ దాకా నడిపిస్తుంది. నవ్వులపాలయ్యానన్న మంట పిడికిలి దాకా తీసుకెళ్తుంది. మనం రాజేస్తున్నది మంట. గొడవలకు ఇంకా చాలా కారణాలుంటాయి. మన చేతిలో ఉన్నది మాత్రం ఇదే."

"అయితే ఏం చేద్దాం?"

"పేర్లు ఆపేద్దాం. కొట్టుకున్న ఇద్దరినీ చెరో పెద్దమనిషితో ఒక గదిలో కూర్చోబెడదాం, నవ్వేవాళ్లెవరూ లేకుండా. సోమవారం స్టాపులో పెద్దవాళ్లు నిలబడాలి. తిట్టడానికి కాదు, ఉండటానికి. మీరు రాస్తూనే ఉండండి. గొడవలు తగ్గకపోతే నా మాట తప్పని ఆ నోటుబుక్కే చెబుతుంది."

"ఈ వారం ఆపితే మనవడి కోసం ఆపినాడంటారు. నెక్స్ట్ వీక్ నుంచి ఆపుదాం."

"సోమవారం అంతకంటే ముందొస్తుందండీ."

శనివారం జగన్నాథ్ ఒక పెళ్లి, రెండు చావులు చదివి ఆగాడు. ఇంద్ర లేవడానికి సిద్ధంగా కుర్చీ అంచున కూర్చుంది. పక్కన రివాష్ మెడ అప్పటికే వంగి ఉంది.

"కొట్టుకున్నోళ్ల పేర్లు ఇంక చదవను," అన్నాడు జగన్నాథ్. "నేను చదవబట్టే గొడవలు పెరిగినయి. తప్పు నాది."

నాలుగో వరసలోంచి సగ్రెన్ తల్లి బెరిల్ లేచింది.

"మూడుసార్లు నిలబడినా నేను. ఈరోజు నీ కూతురు నిలబడాల. బుక్కు ఈరోజే ముయ్యాల్నా?"

హాలంతా చెణుకు కోసం చెవులు రిక్కించింది. ఆయన నాలుక మీదికి ఒకటి కాదు, రెండొచ్చాయి. రెంటినీ మింగాడు.

"నిజమే అమ్మా. నువ్వు ఫస్ట్ టైమ్ నిలబడకముందే ముయ్యాల. నిన్ను నిలబెట్టింది తప్పు. క్షమించు."

బెరిల్ ఎవరి నవ్వు కోసమూ ఆగకుండా, తనంతట తనే కూర్చుంది. ఆ రోజు చాలామంది భోజనానికి ఆగలేదు, గంపెడు పులిహోర మిగిలిపోయింది.

సోమవారం రెండు గంటలకే జగన్నాథ్ స్టాపు చేరాడు. నారాయణసామి మడత కుర్చీతో వచ్చాడు. ఎవరూ పిలవకుండానే బెరిల్ కూడా వచ్చి, ఇద్దరికీ దూరంగా నిలబడింది.

బడి వదిలారు. సగ్రెన్ నలుగురు స్నేహితులతో గేటు దగ్గర కాచుకుని ఉన్నాడు. రివాష్ కనపడగానే పొట్ట ముందుకు తోశాడు.

"దయచేసి, తాత ముద్దుల మనవడు, సిట్ డౌన్ ప్లీజ్."

పేర్లు ఆగడంతో పాట మారింది గాని తాళం మారలేదు. నలుగురూ నవ్వారు. రివాష్ భుజం మీది బ్యాగు కిందికి జారింది. పిడికిలి బిగిసింది. జగన్నాథ్ ఉరుముదామని నోరు తెరిచి, మూసి, నడుచుకుంటూ వెళ్లి ఇద్దరి మధ్యా నిలబడ్డాడు.

"దగ్గు మర్చిపోయినావు," అన్నాడు సగ్రెన్‌తో.

"ఏంది?"

"'దయచేసి' తర్వాత నేను దగ్గుతా. మళ్లీ చెయ్యి. పొట్ట ఇంకా ముందుకి రావాల."

ఎవర్ని చూసి నవ్వాలో కుర్రాళ్లకు అర్థం కాలేదు. వెక్కిరింపుకు ఉడుక్కోవాల్సిన మనిషే పాఠం చెబుతున్నాడు. సగ్రెన్ దగ్గబోయాడు, నవ్వొచ్చింది, పెదవి పట్టుకుని మూలిగాడు.

"నొప్పా?" అన్నాడు రివాష్.

"నవ్వితే పగుల్తుంది."

"సారీ, బ్రో." పిడికిలి ఎప్పుడు విడిందో రివాష్‌కే తెలియదు. వంగి బ్యాగు తీసుకున్నాడు. "నేనే ముందు చేసింది."

బస్సొచ్చింది. ఇద్దరూ ఎక్కి, వేరువేరు సీట్లలో కూర్చున్నారు. బస్సు మలుపు తిరిగేదాకా జగన్నాథ్ కిటికీలను చూస్తూనే ఉన్నాడు.

బెరిల్ దగ్గరికొచ్చింది. "రేపు కూడా నిలబడాల్నా?"

"మండే చాలన్నది డాక్టరమ్మ."

"రేపు కూడా నిలబడదాం," అని బెరిల్, నారాయణసామిని లేపి ఆయన కుర్చీలో కూర్చుంది.